నరసింహత్వం జాతి అవుతుందా?

నంద్యాల చుట్టుపక్కల నవనందులు కొలువై ఉన్నాయి. ఆళ్లగడ్డ మండలంలో, నల్లమల కొండల్లో, అహోబిలాన నవనారసింహులు వెలిశారు. రెండు చోట్లా లెక్క తొమ్మిదే. కానీ ఆ తొమ్మిదింటినీ ఒక్క పేరు కింద కూర్చిన సూత్రం మాత్రం ఒకటి కాదు. నందుల క్షేత్రాల్లో గుళ్లు వేరు, కోనేళ్లు వేరు, స్థలపురాణాలు వేరు. అయినా ఏ గుళ్లో చూసినా నంది నందిలాగే ఉంటుంది. పోలికే వాటిని ఒక జట్టు చేసింది. అహోబిలంలో వరస తిరగబడుతుంది. జ్వాలా నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి ఒడిలో వేసుకుని చీలుస్తుంటాడు. యోగానందుడు యోగాసనంలో ఉంటాడు. మాలోలుడి దగ్గర లక్ష్మి ఉంటుంది. కారంజ నరసింహుడు విల్లు పట్టి ఉంటాడు. క్రోడ నరసింహుడి దగ్గరికి వచ్చేసరికి ముఖమే సింహానిది కాదు, వరాహానిది. సింహం తల, మనిషి ఒళ్లు ఉన్నవాడే నరసింహుడు అని నిర్వచనం కట్టుకుని వచ్చినవాడు ఆ గుడి ముందు ఆగిపోవాల్సిందే. భక్తుడు ఆగడు. తొమ్మిది రూపాలూ ఒక్క స్వామివేనని దణ్ణం పెట్టుకుని ముందుకు పోతాడు. పోలిక వల్ల ఒకటి కావడం, మూలం వల్ల ఒకటి కావడం వేరు వేరు సంగతులని తర్కం చదవకుండానే ఈ ప్రాంతపు యాత్రికుడికి తెలుసు.

ఆ తేడాను పట్టుకుని ఒక పాత ప్రశ్నను మళ్లీ అడగవచ్చు. ఆవులన్నిటినీ ఆవులు చేసేది ఏమిటి? జాతి అనేది లోకంలో ఉందా, మన బుద్ధి కల్పించుకుందా? మన దర్శనాలు వెయ్యేళ్లకు పైగా దీని మీద వాదించుకున్నాయి. ఉదాహరణ మాత్రం ఎప్పుడూ ఆవే. ఆవు మరీ సులువైన ఉదాహరణ. ఎదురుగా ఉన్నది ఆవు అవునా కాదా అని సందేహపడేవాడు తర్కశాస్త్రపు పుటల్లో తప్ప ఎక్కడా కనపడడు. సిద్ధాంతానికి పరీక్ష పెట్టాలంటే చిక్కుముడి లాంటి సాక్ష్యం కావాలి. సముద్రంలో బతికే పొలుసు పురుగులు అలాంటి సాక్ష్యం. ఎండకు మాడే నంద్యాలకు సముద్రపు పురుగుతో ఏం పని అనుకోనక్కర్లేదు. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. ఇక్కడి రాతి పొరలకు ఇక్కడి ఊళ్ల పేర్లే స్థిరపడ్డాయి: బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, ఔకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, వీటన్నిటికీ పైన నంద్యాల షేల్. చాలామటుకు అవి ఒకనాటి సముద్రం అడుగున పేరుకున్న ఇసుక, సున్నం, ఒండ్రు. భూగర్భశాస్త్రంలో నంద్యాల అంటే గట్టిపడిన సముద్రపు బురద.

ముందు ప్రశ్నకు మన తెలుగువాడు ఇచ్చిన జవాబు చూద్దాం. అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో తర్కసంగ్రహాన్నీ, దానికి దీపిక అనే వ్యాఖ్యనూ రాశాడు. తర్కం మొదలుపెట్టే విద్యార్థి చేతికి నేటికీ ముందుగా వచ్చేది ఆ పుస్తకమే. ఒక వస్తువుకు లక్షణం చెప్పేటప్పుడు మూడు దోషాలు రాకూడదని అందులో నేర్పుతారు. ఆవు అంటే కపిలవర్ణం గలది అన్నామనుకోండి, తెల్లావు తప్పిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములు గలది అంటే గేదె కూడా లోపలికి వచ్చేస్తుంది, అది అతివ్యాప్తి. చీలని గిట్ట గలది అంటే ఏ ఆవుకూ కుదరదు, అది అసంభవం. గంగడోలు గలది అంటే మూడు దోషాలూ పోయాయి, లక్షణం నిలిచింది. ఇక గోత్వం అనే సామాన్యం, అంటే జాతి, సంగతి వేరు. అది నిత్యం, అది ఒక్కటే, ఆవులన్నిటిలోనూ విడదీయరాకుండా ఉంటుంది. ఆవులు పుడతాయి, చస్తాయి. గోత్వానికి పుట్టుకా లేదు, చావూ లేదు. నైయాయికుడు, అంటే న్యాయదర్శనాన్ని అనుసరించే తార్కికుడు, లక్షణాన్నీ జాతినీ కలిపెయ్యడు, ఆ జాగ్రత్త అతనికి ఉంది. కానీ జాతి అంటూ ఉంటే దాన్ని పట్టిచ్చే తప్పిపోని గుర్తు ఒకటి, గంగడోలు లాంటిది, ఎక్కడో ఒకచోట దొరకకపోదన్న ధీమా ఈ పద్ధతి అంతటా కనిపిస్తుంది. పొలుసు పురుగు దెబ్బ కొట్టేది సరిగ్గా ఆ ధీమా మీదే.

పొలుసు పురుగు అంటే వీపు మీద పొలుసుల వరసలు గల సముద్రజీవి. వానపాములాగే ఒళ్లంతా ఉంగరాలు ఉంగరాలుగా ఖండాలు. ప్రతి ఖండానికీ రెండు పక్కలా, ముళ్లవంటి వెంట్రుకలతో, కాళ్లలా పనిచేసే తమ్మెలు. పొలుసులు జంటలు జంటలుగా, ఒకదాని అంచు మీద మరొకటి ఎక్కి వీపును కప్పుతాయి. వీటిలో ఎక్కువ భాగం వేటజీవులు. గొంతును కండరాల బలంతో బయటికి తోసి, దాని కొసనున్న నాలుగు దవడలతో ఎరను పట్టుకుంటాయి. కొన్ని నక్షత్రచేపల మీద, కొన్ని ఇతర పురుగులు కట్టుకున్న గొట్టాల్లో కాపురముంటాయి. మరికొన్నిటిది గొప్ప తెలివి: శత్రువు పట్టుకుంటే పొలుసు ఊడివస్తుంది, ఊడిన పొలుసు వెలుగుతూ ఉంటుంది, శత్రువు ఆ వెలుగును నములుతుండగా పురుగు చీకట్లో జారుకుంటుంది. హార్మోతోయి అనే ప్రజాతిలో ఆడపురుగులు గుడ్లను పొలుసుల కిందే మోస్తాయి. ఒడ్డున రాళ్ల కింద మొదలుకొని లోతు సముద్రపు అడుగున ఉడుకునీళ్లు చిమ్మే బుగ్గల దాకా ఇవి లేని చోటు లేదు. పాలినాయిడే అనే ఒక్క కుటుంబంలోనే దాదాపు 900 జాతులను వర్ణించారు. ఈ జీవులకు శాస్త్రీయంగా పేరు పెట్టడం 1758లో లిన్నేయస్‌తో మొదలైంది. ఆయన ఒక పొలుసు పురుగును గ్రీకుల శృంగారదేవత పేరుతో అఫ్రొడైటా అని పిలిచాడు. పిలిచి ఎక్కడ కూర్చోబెట్టాడు? నత్తగుల్ల లేని నత్తలు, నక్షత్రచేపలు, జెల్లీచేపలు ఉన్న వరసలో. వానపామునూ జలగనూ తీసుకుపోయి ఇంకో వరసలో వేశాడు. వాటి పక్కన హ్యాగ్‌ఫిష్ కూడా ఉంది, దానికి పుర్రె ఉన్నా సరే. ఈనాడు పొలుసు పురుగు, వానపాము, జలగ మూడూ అనెలిడా అనే ఒకే పెద్ద విభాగంలో ఉన్నాయి, హ్యాగ్‌ఫిష్ మన వైపు వచ్చింది.

ఇప్పుడు అన్నంభట్టు పరీక్ష పెడదాం. పొలుసులు గలది పొలుసు పురుగు. లక్షణం ఎంత సహజంగా ఉంది! మద్రాసు సముద్రపు ఒడ్డున ఇసుక రేణువుల సందుల్లో బతికే సన్నని పురుగొకటి ఉంది. ఆర్. గోపాల అయ్యర్, కె.హెచ్. అలికుంజి దాన్ని 1940లో వర్ణించారు. దానికి పొలుసులు లేవు. దాన్నీ దాని చుట్టాలనూ పిసియోనిడే అని విడి కుటుంబంగా చాలాకాలం ఉంచారు. 2005లో విక్లుండ్ బృందం డీఎన్‌ఏనూ శరీర నిర్మాణాన్నీ కలిపి పరిశీలించింది. 2012లో నార్లిండర్ బృందం ఇంకా ఎక్కువ జన్యువులతో చూసింది. రెండుసార్లూ ఒకటే తేలింది: పొలుసుల్లేని ఈ పిసియోనిడ్లు సిగాలియానిడే అనే పొలుసు పురుగుల కుటుంబానికి చుట్టాలు మాత్రమే కాదు, ఆ ఇంట్లోనే పుట్టిన బిడ్డలు. ఇసుక సందుల్లో దూరి బతకడానికి పనికిరాని పొలుసులను వాళ్ల పూర్వీకులు పోగొట్టుకున్నారు. పాల్మైరా అనే మరో పురుగుదీ ఇదే కథ. పొలుసులు లేవని వేరే కుటుంబంలో పెట్టినదాన్ని 1989లో అఫ్రొడైటా కుటుంబానికి మార్చారు. ఇవి అవ్యాప్తికి సాక్ష్యాలు. అతివ్యాప్తికి సాక్ష్యం కెనడాలోని బర్జెస్ షేల్‌లో దొరికింది. దాదాపు యాభై కోట్ల ఏళ్ల నాటి వివాక్సియా అనే శిలాజం ఒళ్లంతా పొలుసులతో నిండి ఉంది. 1911లో వాల్కాట్ దాన్ని ఈ పురుగుల వైపే చేర్చాడు. 1985లో కాన్వే మోరిస్ నత్తల వైపు లాగాడు. 1990లో బటర్‌ఫీల్డ్ మళ్లీ పురుగుల వైపు లాగాడు. 2012లో మార్టిన్ స్మిత్ దాని నోటి భాగాలను చూపించి, అవి నత్తల పళ్లవరసకు దగ్గరివని వాదించాడు. ఒక శతాబ్దపు లాగులాటలో పొలుసులు ఏ పక్షానికీ తీర్పు చెప్పలేకపోయాయి.

అయితే ఏ గుర్తుకూ విలువ లేదా? ఉంది, కానీ విలువ ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. పొలుసు పురుగుల వీపు మీద పొలుసులు ప్రతి ఖండానికీ ఉండవు. రెండో ఖండం మీద ఒక జత, నాలుగు మీద ఒక జత, ఐదు మీద ఒక జత, ఏడు, తొమ్మిది, పదకొండు... ఇలా ఒకటి విడిచి ఒకటిగా ఇరవైమూడు దాకా సాగుతుంది. ఆపైన ఒక్కో తెగ ఒక్కో దారి. లెపిడోనోటస్‌కు పన్నెండు జతలు, హార్మోతోయికి పదిహేను, హాలోసిడ్నాకు పద్దెనిమిది. నాలుగూ ఐదూ పక్కపక్కనే ఎందుకు వచ్చాయి? మూడు విడిచి నాలుగు, ఐదు విడిచి ఆరు అని ఎందుకు సాగలేదు? రక్షణకు గానీ ఈతకు గానీ ఈ అంకెలతో ఒరిగేదేమీ కనిపించదు. అయినా సముద్రాలు వేరై, బతుకులు వేరై, కుటుంబాలే వేరైన పురుగులు ఈ రెండు నాలుగు ఐదు ఏడును వదల్లేదు. పనికొచ్చే పోలిక ఎన్నిసార్లయినా విడివిడిగా పుట్టవచ్చు. వేగంగా ఈదే జీవులెన్నో చేప ఆకారం వైపు జరుగుతాయి. ఏ పనికీ రాని, కారణం చెప్పలేని పోలిక ఇందరిలో ఉందంటే ఒకరి నుంచి ఒకరికి అందింది కాబట్టే. ఇంటిపేరును చూడండి. దాన్ని బట్టి మనిషి రంగూ చెప్పలేం, ఎత్తూ చెప్పలేం; అందుకే అది వంశానికి అంత నమ్మకమైన సాక్షి. పొలుసుల వరస పొలుసు పురుగుల ఇంటిపేరు. ఇంటిపేరు మార్చుకున్నంత మాత్రాన తండ్రి మారనట్టే, పొలుసులు పోయినంత మాత్రాన పిసియోనిడ్ వంశం మారలేదు.

నా వాదం ఇదే: ప్రాణుల విషయంలో జాతి నిజంగా లోకంలో ఉంది, కానీ అది నిత్యం కాదు, లక్షణంలోనూ లేదు, వంశపరంపరలో ఉంది. లక్షణం ఆ పరంపరను పట్టిచ్చే జాడ మాత్రమే. ఇది మన దర్శనాలకు పూర్తిగా పరాయి మాట కూడా కాదు. పదో శతాబ్దం నాటి ఉదయనుడు ఏది జాతి కాజాలదో చెబుతూ సాంకర్యాన్ని ఒక బాధకంగా లెక్కపెట్టాడు. రెండు ధర్మాలు ఒకచోట కలిసి ఉండి, ఒకటి లేనిచోట రెండోదీ, రెండోది లేనిచోట మొదటిదీ కనిపిస్తే అవి జాతులు కావు. పొలుసులు ఉండటాన్నీ సిగాలియానిడ్ కావడాన్నీ ఈ సూత్రం కింద పెట్టండి. మామూలు సిగాలియానిడ్లలో రెండూ ఉన్నాయి. హార్మోతోయిలో పొలుసులున్నాయి, సిగాలియానిడ్ కాదు. పిసియోనిడ్ సిగాలియానిడే, పొలుసులు లేవు. రెండింట్లో ఒకటి పక్కకు తప్పుకోవాలి. వంశవృక్షంలో కొమ్మ కొమ్మలోపల ఇముడుతుందే గానీ రెండు కొమ్మలు అడ్డంగా కోసుకోవు. అంచేత తప్పుకునేది పొలుసులే. తర్వాతి నైయాయికులు కొందరు సాంకర్యం దోషమే కాదన్నారు. పురుగుల సాక్ష్యం ఉదయనుడి పక్షాన ఉందని నాకనిపిస్తుంది, ఆయన కోరుకున్న నిత్యత్వాన్ని మాత్రం అది ఇవ్వదు.

అహోబిలం విషయానికొస్తే, అక్కడ రాజ్యమేలే దర్శనం న్యాయం కాదు, విశిష్టాద్వైతం. ఆదివణ్ శఠకోప యతి పద్నాలుగో శతాబ్దం చివర నెలకొల్పిన అహోబిల మఠానికి మాలోలుడే ఆరాధ్యమూర్తి. రామానుజులు నైయాయికుల నిత్యసామాన్యాన్ని ఒప్పుకోలేదు. అవయవాల అమరికే, అంటే సంస్థానమే జాతి అన్నారు. ఆవులన్నిటికీ ఒకేరకం అమరిక ఉంది, దాన్ని మించి గోత్వమనే వేరే పదార్థం అక్కర్లేదు. ఇది ఎంతో పొదుపైన సిద్ధాంతం, శరీర నిర్మాణాన్ని బట్టి వర్గీకరించిన పాత జంతుశాస్త్రానికి అతి దగ్గరిది. కానీ అమరికలు మారతాయి, పోతాయి. కానరీ దీవుల్లోని లాంజరోటే లావా గుహల నీళ్లలో గెసియెల్లా అనే పొలుసు పురుగు ఉంది, దానికి కళ్లు లేవు. కళ్లు పోయినా అది పాలినాయిడే లోంచి బయటికి పోలేదు. కాబట్టి అమరిక అన్నమాటను కొంచెం సాగదీసి, అందివచ్చిన అమరిక అని చదువుకోవాలి. రామానుజ దర్శనం ఆ సవరణకు తట్టుకుంటుంది, న్యాయం తట్టుకోదు. అమరిక మారగలది, నిత్యసామాన్యం మారలేనిది.

బౌద్ధుడు ఇక్కడ నవ్వుతాడు. లిన్నేయస్ ఒకచోట పెట్టాడు, తర్వాతివాళ్లు ఇంకోచోట పెట్టారు, డీఎన్‌ఏ వచ్చి మళ్లీ కదిపింది. రేపు ఇంకొకరు వస్తారు. జాతి అనేది మీ సర్దుబాటే కదా? ఆవు అన్నమాటకు ఆవు కానివి కాకపోవడం తప్ప అర్థం లేదని, దానికే అపోహ అని పేరు పెట్టి, దిగ్నాగుడు ఏనాడో చెప్పాడు కదా? ఈ ఆక్షేపణలో నిజమున్న భాగాన్ని ముందే ఒప్పుకోవాలి. లిన్నేయస్ వెర్మిస్ అనే వర్గం అచ్చంగా దిగ్నాగుడి అపోహే: వెన్నెముక లేనిదీ కీటకం కానిదీ ఏదైతే అది అందులో పడింది. నిన్నమొన్నటి దాకా పాఠ్యపుస్తకాల్లో ఉన్న పాలీకీటా అనే వర్గం కూడా అంతే. వానపాములూ జలగలూ ఆ కొమ్మలోంచే మొలిచాయని తేలాక, వాటిని తీసేసి మిగిలిన దాన్ని ఒక జాతి అనడానికి లేకుండా పోయింది. పేర్లు మన ఇష్టం. మద్రాసు పురుగుకు మొదట పెట్టిన పిసియోనెల్లా అనే పేరును ఓల్గా హార్ట్‌మన్ 1939లోనే ఇంకో పురుగుకు పెట్టేసిందని, 1943లో పిసియోనిడెన్స్ అని మార్చారు. 2020లో లోతు సముద్రపు మెరిసే పొలుసుల పురుగు ఒకదానికి పాటగాడు ఎల్విస్ ప్రెస్లీ పేరు పెట్టారు. ఒక కొమ్మను కుటుంబం అనాలా, ఉపకుటుంబం అనాలా అన్నదీ మన ఒప్పందమే. అయితే ఆ కొమ్మ ఏ కొమ్మలోంచి మొలిచిందో మన ఒప్పందంలో లేదు. పిసియోనిడ్లను విడి కుటుంబంగా ఉంచడమే అందరికీ అలవాటు, అందరికీ సుఖం. సుఖమైన సర్దుబాటును సాక్ష్యం బద్దలు కొట్టింది. కేవలం మన కల్పనే అయితే మనకు ఎదురు తిరిగే శక్తి దానికి ఎక్కడిది? వర్గీకరణ మళ్లీ మళ్లీ మారిందన్నది జాతులు లేవనడానికి రుజువు కాదు. దిద్దుకోవడానికి బయట ఏదో ఉందనడానికి రుజువు.

నైయాయికుడి ఆక్షేపణలు ఇంకా పదునైనవి. డీఎన్‌ఏ మాత్రం లక్షణం కాదా అంటాడు. పొలుసును తీసేసి దాని స్థానంలో అక్షరమాలను పెట్టారు, అంతే కదా? అవును, డీఎన్‌ఏ కూడా గుర్తే. అందులోని ఏ ఒక్క అక్షరమైనా మారవచ్చు. అది ఉంటేనే సిగాలియానిడ్, లేకపోతే కాదు అని ఎవరూ అనరు. ఒకదానితో ఒకటి సంబంధం లేని అనేక జాడలు ఒకే వృక్షాన్ని చూపడం వల్ల ఆ వృక్షాన్ని నమ్ముతున్నాం. పొగను చూసి నిప్పును ఊహించినంత మాత్రాన పొగే నిప్పు అని ఏ నైయాయికుడూ అనడు కదా. రెండో ఆక్షేపణ: పొలుసు పురుగు పిల్ల పొలుసు పురుగు అంటున్నారు, మరి మొదటి పొలుసు పురుగును అలా చేసింది ఏ వంశం? ముందు జాతి ఉంటే తప్ప వంశం మొదలవదు, ఇది అన్యోన్యాశ్రయం. మొదటిది పుట్టిన రోజున అది ఒక జాతికి మొదటిదని చెప్పగలిగిన లక్షణం దానిలో ఏదీ లేదన్నదే దీనికి జవాబు. తోబుట్టువులతో పోలిస్తే దానికి తేడా దాదాపు ఉండదు. దాని సంతానం నిలిచి, విడిపోయి, కొమ్మలు వేశాకే వెనక్కు తిరిగి చూసి ఇక్కడ చీలింది అనగలం. వంశకర్త అయ్యేది కూడా అంతే. మనవలు పుట్టకుండా ఎవడూ మూలపురుషుడు కాడు.

సృష్టికర్తను నమ్మేవారి నుంచి ఒక ఆక్షేపణ రావచ్చు, దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. ఆళ్లగడ్డ శిల్పి రాతిని ముట్టుకునే ముందే మూర్తి లక్షణం అతని దగ్గర ఉంది. ఎన్ని తాళాల ఎత్తు, ఏ చేతిలో ఏ ఆయుధం, ఏ ఆసనం, అంతా ధ్యానశ్లోకంలోనూ తాళమానంలోనూ ముందే స్థిరపడి ఉంది. విగ్రహం లక్షణానికి తప్పితే దోషం విగ్రహానిదే, పూజకు పనికిరాదు. దేవుడూ అలాగే జాతుల లక్షణాలను మనసులో పెట్టుకుని ప్రాణులను చెక్కాడని ఎందుకు అనకూడదు? లిన్నేయస్ దాదాపు ఇలాగే నమ్మాడు. కానీ పురుగుల విషయంలో లక్షణానికీ వస్తువుకూ సంబంధం తలకిందులుగా ఉంది. పిసియోనిడ్ లక్షణానికి తప్పినప్పుడు మనం దిద్దుకున్నది పురుగును కాదు, లక్షణాన్ని. జాబితా చేతపట్టుకుని చెక్కిన శిల్పి పనిలో ఇది జరగదు. దీనివల్ల దేవుడు లేడని తేలదు. బయట నిలబడి ఉలి పట్టిన దేవుడి బొమ్మ ఒక్కటే ఇక్కడ కుదరదు. నైయాయికుల ఈశ్వరుడు నిమిత్తకారణం మాత్రమే, పరమాణువులు ఆయనకు బయటివి. రామానుజుల నారాయణుడు నిమిత్తమే కాక ఉపాదానం కూడా. చేతనాచేతన జగత్తంతా ఆయన శరీరం, సృష్టి అంటే ఆ శరీరానికి కలిగే పరిణామం. పురుగును తెచ్చి స్వామి పక్కన పెట్టడం అపచారం కాదా అని అడిగే భక్తుడికి కూడా జవాబు అక్కడే ఉంది. బురదలోని పురుగును శరీరం వెలుపల పెట్టడానికి ఆ సిద్ధాంతంలో చోటే లేదు.

హిరణ్యకశిపుడి వరాన్ని కూడా ఈ వెలుగులో చదవవచ్చు. మనిషి చేత గానీ మృగం చేత గానీ, పగలు గానీ రాత్రి గానీ, లోపల గానీ బయట గానీ చావకూడదు. ఆ వరం ఒక వర్గీకరణ పట్టిక. ఉన్నవన్నీ ఈ గళ్లలో పడతాయి, అన్ని గళ్లకూ తాళం వేశాను, ఇక నాకు చావు లేదు అన్నది అతని తర్కం. స్వామి సంధ్యవేళ, గడప మీద, నరమృగ రూపంలో వచ్చి ఆ తర్కాన్ని చీల్చాడు. దీన్ని పట్టుకుని జాతులన్నీ మాయేనని కథ చెబుతోందనడం తొందరపాటు. పగలూ రాత్రీ నిజంగా ఉండబట్టే సంధ్య ఉంది. నరుడూ సింహమూ ఉండబట్టే నరసింహుడనే పేరుకు అర్థముంది. ఎల్లలు చెదిరి ఉన్నాయంటే నేలే లేదని కాదు. రాక్షసుడి పొరపాటు జాతులను నమ్మడంలో లేదు, లక్షణాల జాబితా రాసేసరికి లోకం పూర్తయిందనుకోవడంలో ఉంది.

మరి నైయాయికులు నరసింహుణ్ణి ఏం చేశారు? వాళ్లు ఈ ప్రశ్నను నిజంగానే అడిగారు. విశ్వనాథుడు పదిహేడో శతాబ్దంలో రాసిన న్యాయసిద్ధాంతముక్తావళిలో శరీరానికి లక్షణం చెబుతూ ఒకచోట ఇరుక్కుంటాడు. ఆ లక్షణం కుదరాలంటే ప్రతి శరీరంలోనూ ఒక జాతి ఉండాలి. నరసింహుడి శరీరం ఒక్కటే. ఒక్క వ్యక్తిలోనే ఉండే ధర్మం జాతి కాదని వాళ్ల నియమం. అలాంటప్పుడు నరసింహత్వం జాతి ఎలా అవుతుంది? కల్పానికొక నరసింహావతారం ఉంటుంది, కాబట్టి నరసింహ శరీరాలు అనేకం, కాబట్టి నరసింహత్వం జాతే అని సమాధానం. ఎంత చక్కని పట్టుదల! కానీ ఒక కల్పపు నరసింహుడికీ మరో కల్పపు నరసింహుడికీ మధ్య ప్రళయం ఉంది, వంశం ఉండదు. అక్కడ కలిపేది నిత్యమైన జాతి కావాలి, లేదా ఒక్కడే అయిన స్వామి కావాలి. అహోబిలపు భక్తుడు రెండోదాన్ని ఎంచుకున్నాడు, క్రోడ నరసింహుడి ముందు తడబడకపోవడానికి కారణం అదే. ప్రాణుల మధ్య అలాంటి దూకుడు కుదరదు. ఏదో ఒక దూరపు సముద్రంలో, ఏ చుట్టరికమూ లేకుండా, అచ్చంగా హార్మోతోయి లాంటి జీవి పుట్టిందనుకోండి. జంతుశాస్త్రం దాన్ని హార్మోతోయి అనదు. వివాక్సియా మీద వంద సంవత్సరాల తగువు ఎందుకు నడిచింది? పోలిక చాలదని అందరూ ఒప్పుకోబట్టే.

పుట్టుకను బట్టి జాతి అన్నమాట వినగానే మన దేశంలో చెవులు నిక్కబొడుచుకోవడం సహజం, అవసరం కూడా. పురుగుల పేరుతో మనుషుల కులాన్ని దొడ్డిదారిన నిలబెడుతున్నారా? ఈ వాదం సరిగ్గా దానికి ఎదురు నిలుస్తుంది. వంశం జాతిని చేస్తుందంటే మూలం దాకా వెళ్లాలి, మధ్యలో తమకు అనుకూలమైన చోట ఆగడానికి లేదు. మూలం దాకా వెళితే మనుషులందరిదీ ఒకే కొమ్మ. ఆ కొమ్మలో మళ్లీ అడ్డగోడలు కట్టాలంటే ఒకదాంట్లో ఒకటి ఇమిడే చీలికలు చూపాలి. నిరంతరం కలిసిపోయిన మనుషుల రక్తంలో అవి దొరకవు. పైగా వంశం గుణానికి పూచీ పడదు. పొలుసుల ఇంట్లో పుట్టిన పిసియోనిడ్‌కు పొలుసే లేనప్పుడు, ఫలానా ఇంట పుట్టాడు కాబట్టి ఫలానా గుణం ఉండి తీరుతుందని ఏ నోటితో అంటాం? అహోబిలంలో స్వామి చెంచులక్ష్మిని పెళ్లాడి, నల్లమల చెంచులకు అల్లుడయ్యాడు. ఈ సంబంధాన్ని గుడి పండగల్లో వాళ్లు ఈనాటికీ గుర్తు చేస్తూనే ఉన్నారు.

వంశ సిద్ధాంతం అన్నిచోట్లా పనిచేస్తుందని నేను అనడం లేదు. బంగారానికి వంశం లేదు. దాని పరమాణువు కేంద్రకంలో 79 ప్రోటాన్లుంటాయి. అది కోలారు గనిలో ఉన్నా, ఏదో నక్షత్రాల తాకిడిలో ఇప్పుడే పుట్టినా బంగారమే, ఒకదానికొకటి తాతముత్తాతల లెక్క అక్కర్లేదు. అక్కడ అమరికే జాతి, ఆ అమరిక మారితే అది ఇంకో లోహం. లక్షణానికి తప్పిన బంగారం ఉండదు. బంగారం తేజస్సులో చేరుతుందని వాదించిన నైయాయికులు దాని పదార్థం విషయంలో పొరబడ్డారు గానీ, సువర్ణత్వం దేశకాలాలకు కట్టుబడనిదన్న అంశంలో ఈనాటి రసాయనశాస్త్రం వాళ్లకు దూరం కాదు. అన్నంభట్టు సామాన్యానికి చెప్పిన లక్షణం బంగారానికి దాదాపు సరిపోతుంది, ఆవుకు సరిపోదు. గంగడోలు లేని ఆవు తెగ రేపు పుట్టవచ్చు, పుట్టినా అది ఆవే అవుతుంది. ఎనభై ప్రోటాన్ల బంగారం ఏనాటికీ ఉండదు, అది పాదరసం. గోత్వాన్నీ సువర్ణత్వాన్నీ ఒకే గాటన కట్టడం దగ్గరే మన తర్కశాస్త్రం దారి తప్పింది.